చెక్కిలి ఎరుపు, అభ్రకపు మెరుపు

ఈ మధ్య పట్నాల్లోనే కాదు, చిన్న ఊళ్ల ఫ్యాన్సీ షాపుల్లో కూడా అరచేతిలో ఇమిడే ఒక డబ్బా కనిపిస్తున్నది. మూత తీస్తే లోపల రెండు గుంటలు. ఒకదానిలో గులాబీ రంగుదో ఇటుక రంగుదో మెత్తని ముద్ద ఉంటుంది. దాని పేరు బ్లష్, చెక్కిళ్లకు ఎరుపు ఇవ్వడానికి. పక్క గుంటలో లేత బంగారు రంగు ముద్ద, డబ్బాను అటూ ఇటూ వంచితే తళుక్కుమంటుంది. దాని పేరు హైలైటర్, చెంప ఎముక మీద మెరుపు కోసం. మీ ఇంట్లో పెళ్లి కుదిరిన అమ్మాయి ఉంటే ఈ పాటికి ఇలాంటిది ఒకటి అద్దం దగ్గరికి చేరే ఉంటుంది.

ఒకసారి వేలి కొసతో ఆ రెండు ముద్దలనూ కొంచెం కొంచెం తీసి, ముంజేతి మీద పక్కపక్కనే రాసి, కిటికీ దగ్గర నిలబడి చూడండి. ఎరుపు ఏ వైపు నుంచి చూసినా ఎరుపే. మెరుపు అలా కాదు. చేయి తిప్పితే వెలుగుతుంది, ఇంకొంచెం తిప్పితే మాయమవుతుంది. ఒకే డబ్బాలో ఉన్నా ఈ రెండూ రెండు వేరు వేరు భౌతికశాస్త్ర సూత్రాల మీద పనిచేస్తున్నాయన్న మాట. వాటి చరిత్రలు కూడా వేరు. ఒకటి పురుగుల చరిత్ర, ఇంకొకటి రాళ్ల చరిత్ర. రెండూ మన నేల మీదుగా పోయినవే.

లండన్ మట్టిలో దొరికిన డబ్బా

ముద్దగా ఉండే అలంకరణ సామగ్రి కొత్తదేమీ కాదు. 2003లో లండన్ నగరం సదర్క్ ప్రాంతంలో, రోమన్ల కాలపు ఆలయ సముదాయం ఉన్న చోట తవ్వకాలు జరుపుతుండగా తగరంతో చేసిన గుండ్రని చిన్న డబ్బా ఒకటి బయటపడింది. క్రీ.శ. రెండో శతాబ్దం నాటిది. మూత బిగుతుగా పట్టి ఉండడంతో లోపలి తెల్లని క్రీము చెడిపోలేదు. దాని మీద వాడినవారి వేళ్ల గుర్తులు కూడా చెరిగిపోలేదు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఎవర్షెడ్ బృందం ఆ క్రీమును విశ్లేషించి, 2004లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రకటించింది. దాదాపు నలభై శాతం జంతువుల కొవ్వు, మరో నలభై శాతం పిండిపదార్థం, మిగిలినదానిలో ముఖ్యమైనది తగరపు ఆక్సైడు.

ఆ శాస్త్రజ్ఞులు అంతటితో ఆగలేదు. అవే పాళ్లలో కొత్తగా క్రీము తయారుచేసి చర్మానికి రాసి చూశారు. మొదట జిడ్డుగా అనిపించింది. కొవ్వు చర్మం వెచ్చదనానికి కరిగి పరుచుకున్నాక పిండి వల్ల ఆ జిడ్డు పోయి, పొడి రాసుకున్నట్టు నునుపు మిగిలింది. నేటి క్రీము బ్లష్ డబ్బా మీద కంపెనీలు గొప్పగా రాసుకునే సుగుణం సరిగ్గా ఇదే!

ఇక్కడ గమనించవలసింది తగరపు ఆక్సైడును. ఆ కాలంలో ముఖానికి తెలుపు కావాలంటే అందరికీ తెలిసిన సరుకు సఫేదా, అంటే సీసపు కార్బొనేటు. గ్రీకు రచయిత జెనొఫొన్ క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో రాసిన గృహనిర్వహణ గ్రంథంలో ఇస్కొమాకస్ అనే గృహస్థు, భార్య సఫేదా పూసుకుని, ఆల్కనెట్ అనే మొక్క వేరు రంగును చెక్కిళ్లకు రాసుకున్నదని సుదీర్ఘంగా ఉపన్యసిస్తాడు. (విషం అని కాదు, మోసం అని ఆయన బాధ!) లండన్ డబ్బాలో ఆ సఫేదా స్థానంలో, విషం కాని తగరం ఉంది. సీసం సంగతి తెలిసి మానుకున్నారో, లేక బ్రిటన్ తగరపు గనుల దేశం గనుక చేతికందినది వాడుకున్నారో చెప్పడానికి ఆ క్రీములో ఆధారం లేదు. యూరపులో సఫేదా మాత్రం ఆ తర్వాత కూడా శతాబ్దాల తరబడి రాజ్యమేలింది. 1760లో కన్నుమూసిన ఇంగ్లండు సుందరి, కవెంట్రీ ప్రభువు భార్య మరియా గన్నింగ్ మరణానికి ఆమె పూసుకున్న సీసమే కారణమని ఆనాటి నుంచీ చెప్పుకుంటూ వస్తున్నారు.

ఎరుపు వెనుక పురుగు

చెక్కిలికి ఎరుపు ఎందుకు? సిగ్గుపడినా, పరుగెత్తినా చర్మం కింది సన్నని రక్తనాళాలు వ్యాకోచించి ముఖం కందుతుంది. ఆరోగ్యానికీ యౌవనానికీ అది గుర్తు. డార్విన్ 1872లో ప్రచురించిన, భావప్రకటనల మీది గ్రంథంలో సిగ్గుతో ముఖం ఎర్రబడడానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. మనిషికి మాత్రమే చెందిన భావప్రకటన అది అన్నాడు. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో ఆ మార్పు ఎలా తెలుస్తుందని దేశదేశాలలో ఉన్నవారికి ఉత్తరాలు రాసి వాకబు చేశాడు కూడా.

ఆ ఎరుపును డబ్బాలోకి ఎక్కించడానికి మనిషి వెతకని చోటు లేదు. అన్నింటికన్నా పాతది జేగురు, అంటే ఇనుపు ఆక్సైడు కలిసిన మట్టి. ప్రాచీన ఈజిప్టులో జేగురును కొవ్వుతో నూరి వాడారు. ఇప్పటి డబ్బాల్లోనూ ఇనుపు ఆక్సైడే ఉంటుంది, కాకపోతే కర్మాగారంలో శుద్ధిగా తయారైనది. మన వీధి భాగవతుల ముఖాలకు పూసిన పచ్చని అర్దళం ఆర్సెనిక్ సల్ఫైడు. ఇంగిలీకం పాదరసపు సల్ఫైడు. కేరళ కథకళి నటులు ఈ రెండు రకాల రంగులనూ కొబ్బరినూనెతో గంటల తరబడి నూరి ముద్ద చేసుకునేవారు. రంగుపొడి నూనెలో కలిస్తే ముద్ద, ముద్ద చర్మానికి అంటితే వేషం. క్రీము బ్లష్ సూత్రం అంతకు మించి ఏమీ లేదు. నూనెకు తోడు ఇప్పుడు మైనాలు కలుపుతారు, డబ్బాలో గట్టిగా ఉండి వేలి వేడికి కరగడానికి.

కుసుమ పువ్వు సంగతి ఇంకా చిత్రమైనది. మన తెలంగాణ, రాయలసీమ మెట్ట పొలాల్లో నూనెగింజల కోసం వేసే కుసుమే. దాని పూరేకుల్లో పసుపు రంగు ఎక్కువ, కార్తమిన్ అనే ఎరుపు చాలా తక్కువ. పసుపు నీటిలో కరిగిపోతుంది, ఎరుపు కరగదు. అందుకని ముందు నీటితో కడిగి పసుపును వదిలిస్తారు. తర్వాత బూడిద నీటివంటి క్షారంలో నానబెట్టి ఎరుపును దించుకుంటారు. చివర పుల్లని రసం చేరిస్తే ఎరుపు అడుక్కు దిగుతుంది. జపానులో దీన్ని బెని అంటారు. చిన్న పింగాణీ గిన్నె లోపలి గోడకు పూసి ఆరబెట్టి అమ్మేవారు. ఆరిన బెని ఎర్రగా కనిపించదు, కంసాలి పురుగు వీపులా ఆకుపచ్చని లోహపు మెరుపుతో ఉంటుంది. తడి వేలితో ముట్టుకోగానే ఎరుపవుతుంది. పెదవి మీద పొర పొరగా దట్టంగా పూస్తే మళ్లీ ఆకుపచ్చ మెరుపు! బ్లష్, హైలైటర్ రెండూ ఒకే గిన్నెలో దొరికినట్టే.

ఇక పురుగుల మాట. ఆడవాళ్ల పాదాలకు పెట్టే లత్తుక, లక్క పురుగు ఇచ్చిన ఎరుపు. దానికి దూరపు బంధువు మెక్సికో దేశపు కోచినీల్. నాగజెముడు జాతి మొక్కల మీద తెల్లని బూజులా పట్టి బతుకుతుంది. ఆడ పురుగులను ఎండబెట్టి రంగు తీస్తారు. ఒక పౌను సరుకుకు సుమారు 70,000 పురుగులు కావాలి. ఆ రంగుకు అల్యూమినియం, కాల్షియం లవణాలు జతపడితే కార్మైన్ అనే వర్ణకం వస్తుంది. పదహారో శతాబ్దం నుంచి స్పెయిను ఈ వ్యాపారాన్ని గుత్తగా పెట్టుకుని బాగా గడించింది.

ఆ లాభం చూసి ఈస్టిండియా కంపెనీకి కన్ను కుట్టింది. 1780ల చివర మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ ఇక్కడే కోచినీల్ పెంచుదామని పట్టుబట్టి, సైదాపేటలో నాగజెముడు తోట వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి ఓడలో పురుగులు కలకత్తాకు వచ్చాయి. తీరా చూస్తే అవి అసలు కోచినీల్ కావు, నాసిరకం రంగు ఇచ్చే దాయాది జాతి. రంగు వ్యాపారం లేవలేదు. ఆ పురుగులు మాత్రం ఒక జాతి నాగజెముడును సుష్టుగా తిని, మైళ్ల కొద్దీ పొదలను తుడిచిపెట్టాయి. చెక్కిలి ఎరుపు కోసం తెచ్చినది కలుపు నివారణకు పనికివచ్చింది. ఒక పురుగుతో కలుపును అదుపు చేయడానికి ప్రపంచంలోనే తొలి ఉదాహరణల్లో ఒకటిగా కీటకశాస్త్ర గ్రంథాలు దీన్నే చెబుతాయి. 1926లో సింహళం నుంచి ఇదే కుటుంబానికి చెందిన మరో జాతిని, ఈసారి తెలిసే, దక్షిణాదికి తెచ్చి వదిలారు. కొద్ది ఏళ్లలోనే బీళ్లను ఆక్రమించిన మరో రకం నాగజెముడు కూడా చాలా మేరకు తగ్గిపోయింది.

మెరుపు వెనుక రాయి

చర్మం మీద మెరుపు కోసం ముందు చేపను పట్టుకున్నారు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో జపమాలలు చేసే జాకెన్ అనే పనివాడు బ్లీక్ అనే చిన్న చేప పొలుసుల నుంచి వెండిలా మెరిసే ద్రవం తీసి, గాజు పూసల లోపల పూసి నకిలీ ముత్యాలు చేశాడు. ఆ మెరుపు గ్వానిన్ స్ఫటికాలది. డీఎన్ఏలో ఉండే నాలుగు క్షారాల్లో ఒకటైన గ్వానినే! కొంచెం మెరుపుకు వేల చేపలు కావలసి రావడంతో అది ఖరీదైన సరుకుగానే మిగిలింది. పంతొమ్మిదో శతాబ్దంలో బిస్మత్ ఆక్సీక్లోరైడు వచ్చింది. ముత్యంలాంటి తెలుపే గాని, గంధకపు వాయువు తగిలితే నల్లబడే గుణం ఉంది. బొగ్గు గ్యాసు దీపాల కాలంలో అది ఎంత ప్రమాదమో ఊహించుకోండి.

1963లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీకి లభించిన పేటెంట్లతో దారి మారింది. అభ్రకపు రేకుల మీద టైటానియం డయాక్సైడు పలుచని పూత వేయడం ఆ ఉపాయం. అభ్రకం వక్రీభవన గుణకం దాదాపు 1.6, టైటానియం డయాక్సైడుది 2.5 పైన. కాంతి పూత పై ముఖం నుంచి కొంత, అడుగు ముఖం నుంచి కొంత పరావర్తనం చెందుతుంది. ఆ రెండు తరంగాలు కలిసి కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. ఇదే వ్యతికరణం. వాన నీటి మీద డీజిలు చుక్క పడితే కనిపించే రంగులు కూడా ఇవే. పూత మందం యాభై నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటే వెండి తెలుపు. మందం పెంచుకుంటూ పోతే వరుసగా బంగారు రంగు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. (మిల్లీమీటరులో పది లక్షలవ వంతు ఒక నానోమీటరు.) రంగుపదార్థం చిటికెడు లేకుండానే ఇన్ని రంగులు.

మన పాఠకురాళ్లకు పనికివచ్చే మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. ఈ రేకులు తమ కింద ఉన్నది తెల్లగా ఉంటే వెలవెలబోతాయి. అడుగు నుంచి తిరిగి వచ్చే కాంతి ఆ రంగును కడిగేస్తుంది. కింద ముదురు రంగు ఉంటే మెరుపు స్పష్టంగా పలుకుతుంది. అంటే హైలైటర్ అందం చామనఛాయ మీదే ఎక్కువ! బ్లష్ విషయం వేరు. లేత గులాబీ ముద్దల్లో తెల్లని టైటానియం డయాక్సైడు దండిగా కలుస్తుంది. అది చామనఛాయ మీద బూడిద పూసినట్టు తేలుతుంది. తప్పు చర్మానిది కాదు, రంగు కలిపినవారిది. ఇటుక ఎరుపు, రేగుపండు రంగు లాంటివి ఎంచుకుంటే ఆ బాధ ఉండదు.

రేకు ఎక్కడిది?

అభ్రకాన్ని మన పల్లెల్లో కాకిబంగారం అనడం వినే ఉంటారు. నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల గనుల నుంచి పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ ఆకుపచ్చ ఛాయ గల అభ్రకం తీశారు. ఎర్ర ఛాయ గల రకానికి నేటి జార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీ ప్రసిద్ధి. విద్యుత్తును ఆపి, వేడికి ఓర్చే గుణం వల్ల రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోలకూ విమాన ఇంజన్లకూ అది అత్యవసరమైంది. బ్రిటన్, అమెరికా కలిసి మన దేశంలో సంయుక్త కొనుగోలు బృందాన్నే నిలిపాయి. తర్వాత ఎలక్ట్రానిక్స్ దారి మళ్లింది, పెద్ద పలకలకు గిరాకీ పడిపోయింది. 1980 అటవీ సంరక్షణ చట్టంతో కోడర్మా అడవుల్లో చాలా గనులు మూతపడ్డాయి.

గనులు మూతపడ్డా అభ్రకం ఆగలేదు. ఒకప్పుడు పనికిరాదని గట్టు మీద పారబోసిన తుక్కును నూరి పూత వేస్తే చాలు. కొత్త పరిశ్రమకు కావలసినదే ఆ పొడి. తుక్కు ఏరడానికీ, మూసిన గనుల చుట్టూ ఎలుక బొరియల్లాంటి సొరంగాల్లోకి దూరడానికీ చిన్న చేతులు, చిన్న ఒళ్లు అనువు. 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేకరులు బీహారు, జార్ఖండ్, రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్‌లలో తిరిగి రాసిన కథనం ప్రకారం, రెండు నెలల వ్యవధిలో కనీసం ఏడుగురు పిల్లలు ఇలాంటి గనుల్లో చనిపోయారు. ఆ గనులు చట్టప్రకారం లేనివి గనుక ఆ చావులను కుటుంబాలు బయటికి చెప్పుకోలేదు. మరుసటి ఏడాది, 2017లో, కొనుగోలు కంపెనీలు కొన్ని కలిసి పారిస్‌లో 'రెస్పాన్సిబుల్ మైకా ఇనీషియేటివ్' అనే సంస్థను స్థాపించాయి.

కొన్ని కంపెనీలు ఇంకో దారి పట్టాయి. ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అనే కృత్రిమ అభ్రకాన్ని కొలిమిలో కరిగించి స్ఫటికంగా పెంచుతారు. ఇనుము లేనందువల్ల అది సహజమైనదానికన్నా తెల్లగా, తేటగా ఉంటుంది. కృత్రిమం కొంటే చేతులు కడుక్కున్నట్టే అనుకోవడం సులువు. కాని ఆ అడవి అంచు పల్లెల్లో తుక్కు ఏరితే వచ్చే కూలి తప్ప వేరే ఆధారం లేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొనేవాళ్లు వెళ్లిపోతే ఆ పిల్లలు బడికి పోతారా, ఇంకో గనికి పోతారా? పెద్దలకు చట్టబద్ధమైన గని, సరైన కూలి, ఊళ్లో బడి ఉంటే ఈ ప్రశ్నే రాదని నా ఉద్దేశం.

సీసం, ఆర్సెనిక్ సంగతి చట్టం పట్టించుకున్నది. ఈ రెంటి సమ్మేళనాలను సౌందర్య సామగ్రిలో రంగు కోసం వాడకూడదని మన దేశంలో నిషేధం ఉంది. వాడే రంగుల్లో మలినంగా కూడా సీసం పది లక్షల పాళ్లలో 20, ఆర్సెనిక్ 2 పాళ్లు మించకూడదు. ఇక మీ చేతిలోని డబ్బాను వెనక్కి తిప్పండి. సి.ఐ. అనే అక్షరాల పక్కన అంకెలు ఉంటాయి. 75470 అంటే కార్మైన్, పురుగు రంగు. శాకాహారులకు పట్టింపు ఉంటే ఈ అంకె చూసుకోవాలి. 77491 ఎర్ర ఇనుపు ఆక్సైడు, మన జేగురే. 77891 టైటానియం డయాక్సైడు. 77163 బిస్మత్ ఆక్సీక్లోరైడు. 77019 అంటే అభ్రకం. కృత్రిమమైతే సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అని పేరు విడిగా రాసి ఉంటుంది. సహజమైనదైతే మైకా అన్న ఒక్క మాటే. అది ఏ ఊరి గనిదో, ఎవరు ఏరినదో ఆ అంకె చెప్పదు.