ఆ కూటమి పుట్టింది మావోరీల ఇంట్లో

బడిలో ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారు. కొట్టినవాణ్ని సస్పెండ్ చేసి పంపేయకుండా, ఇద్దరినీ, వాళ్ల ఇంట్లోవాళ్లనూ, టీచర్లనూ ఒకచోట కూర్చోబెడతారు. ఏం జరిగింది? ఎవరికి నష్టం కలిగింది? దాన్ని సరిచేయాలంటే ఎవరు ఏం చేయాలి? అందరూ చెప్పేది విన్నాక ఒక ఒప్పందానికి వస్తారు. ఇప్పుడు చాలా దేశాల బళ్లలో అమలవుతున్న ఈ 'రెస్టోరేటివ్ ప్రాక్టీస్' మూలాల్లో ముఖ్యమైనది న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలది.

మావోరీ పిల్లలను అయినవాళ్ల నుంచి విడదీసి ప్రభుత్వ వసతి గృహాల్లో పెట్టడంపై 1980లలో అక్కడ నిరసన పెరిగింది. జాన్ రంగిహౌ అనే మావోరీ పెద్ద అధ్యక్షతన ఏర్పడిన కమిటీ జనం గోడు విని, సంక్షేమ శాఖలో పాతుకుపోయిన జాతివివక్షను ఎత్తిచూపింది. ఆ కదలిక ఫలితంగానే 1989 చట్టం వచ్చింది. దారితప్పిన పిల్లల విషయం కుటుంబమే కూర్చుని తేల్చుకునే 'ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్'కు అది చట్టబద్ధత ఇచ్చింది. మన రచ్చబండ దగ్గర మాట పెద్దమనుషులది. ఈ కూటమిలో దెబ్బతిన్నవాళ్లకూ, తప్పు చేసిన పిల్లవాడికీ, వాడి బంధువులకూ కూడా మాట ఉంటుంది.

1991లో ఆస్ట్రేలియాలోని వాగా వాగా పోలీసులు ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నారు. 1994లో అదే దేశంలో, క్వీన్స్‌లాండ్‌లోని మరూచీడోర్ హైస్కూల్లో, విద్యార్థుల మధ్య జరిగిన ఒక దాడి తర్వాత, మార్గరెట్ థోర్స్‌బోర్న్ అనే ఆమె దాన్ని బడిలోకి తెచ్చారు. అక్కణ్నుంచి దేశదేశాలకూ పాకింది.

అయితే బళ్లు తీసుకున్నది సగమే. మావోరీల లెక్కలో బంధుత్వం మనుషులతో ఆగదు. కొండా, ఏరూ, అడవీ కూడా చుట్టాలే. వాటికి దెబ్బ తగిలితే 'రాహుయి' విధిస్తారు. అంటే కోలుకునేదాకా అక్కడ ఎవరూ అడుగుపెట్టకూడదు, ఏదీ కోసుకోకూడదు, పట్టుకోకూడదు. ఆక్లాండ్ పక్కనున్న వైటాకెరె అడవిలో కౌరి మహావృక్షాలు వేరుకుళ్లుతో చచ్చిపోతుంటే, ఆ నేలకు చెందిన తె కవెరౌ అ మాకి తెగ 2017 డిసెంబరులో రాహుయి ప్రకటించింది. తెగులు మట్టిలో ఉంటుంది, చెప్పుల అడుగున అంటుకుని చెట్టు నుంచి చెట్టుకు చేరుతుంది. అందుకే మనుషుల నడకే ఆపమన్నారు. నగర పాలక మండలి మొదట తటపటాయించినా 2018లో అడవిని మూసింది. తర్వాత తెరిచిన బాటల దగ్గర చెప్పుల మట్టిని బ్రష్‌తో గీకి, మందు చల్లుకున్నాకే లోపలికి వెళ్లాలి.

టీచర్లు ఆ కూటమినీ, ఈ చుట్టరికాన్నీ కలిపి నేర్పాలి. బడి వెనక కుంటలో ప్లాస్టిక్ పేరుకుంటే, పిల్లలను గట్టు మీద కూర్చోబెట్టి ఆ మూడు ప్రశ్నలే అడగాలి. నష్టపోయినవాళ్ల జాబితాలో కప్పల్నీ, కొంగల్నీ, బట్టలుతికే అమ్మల్నీ పిల్లలే చేరుస్తారు. ఆ కుంటను ఎరిగిన ఊరి ముసలివాళ్లను పిలిపించి, ఏం చేస్తే నీళ్లు తేటపడతాయో చెప్పించాలి. ఎవరు ఏ పని చేస్తారో అక్కడే రాసుకోవాలి. ఈ పద్ధతి ఎవరిచ్చారో కూడా పిల్లలకు చెప్పాలి. పిల్లల్ని పోగొట్టుకున్న ఒక జాతి పోరాడి సాధించుకున్నది ఇది, పేరు చెప్పకుండా వాడుకోవడం న్యాయం కాదు.