మణిపురి తట్టువ

తట్టువ అన్న మాటను మనము కొంత చులకనగానే వాడుతూ వచ్చినాము. గుర్రమంటే రాజులది, దండనాయకులది. తట్టువ అంటే సంతకు మూటలు మోసేది. ఈ తారతమ్యము మణిపురములో చెల్లదు. అక్కడ రాజు ఎక్కినదీ తట్టువనే, దండు ఎక్కినదీ తట్టువనే. నేడు దేశదేశాల ఆడే పోలో ఆట లోకములోనికి దిగి వచ్చినది కూడ ఆ తట్టువ వీపు మీద నుండియే.

ఈ జంతువు ఎత్తు సుమారు 44 నుండి 52 అంగుళాలు. నిలువెత్తు మనిషి పక్కన నిలిచితే దాని మూపు అతని రొమ్ము దాటదు. చిన్న చెవులు, బాదము గింజ వంటి కన్నులు, లోతైన రొమ్ము, బలమైన పిరుదులు, రాతి వంటి గిట్టలు. కొండల నడుమ పళ్లెములా ఉన్న ఇంఫాలు లోయలో చిత్తడి నేలలు విస్తారము. వాటిని అక్కడివారు ‘పాట్’ అంటారు. మోకాలి లోతు నీటిలో దిగి, అక్కడి గడ్డి మేసి పెరిగే జాతి ఇది. ఉలవలు, దాణా పెట్టి సాకవలసిన పని తక్కువ. ఆట లేనపుడు, పని లేనపుడు విడిచిపెట్టడమే ఆచారము.

మంగోలు దేశపు గుర్రాల రక్తము ఇందులో ఉన్నదనీ, అరబ్బీ రక్తము కూడ కలిసినదనీ పెద్దలు ఊహించినారు. మణిపురీయుల మాట వేరు. మార్జింగు అనే దేవతకు సమదోన్ అయాంగ్బా అనే గుర్రముండేదనీ, అది రెక్కల గుర్రమనీ, తమ తట్టువలు దాని సంతతియేననీ వారి నమ్మకము. హెయిన్‌గాంగు కొండ మీది ఆ దేవత సన్నిధిలో నేటికీ చిన్న చిన్న గుర్రపు బొమ్మలు కానుకగా పెడతారు. శాస్త్రము రెక్కలను ఒప్పుకోదు. కాని ఒక జాతి తన గుర్రాన్ని ఏ ఎత్తున నిలిపినదో ఆ కథ చెప్పుచున్నది.

18వ శతాబ్దిలో పామ్‌హైబా, అనగా గరీబ్ నివాజ్, రాజ్యము చేసిన కాలములో మణిపురి ఆశ్వికులు బర్మాకు సింహస్వప్నమైనారు. జీనుకు ఇరుపక్కల ‘అరంబాయి’ అనే విసురు ములుకులను కట్టుకొని, పారిపోవుచున్నట్లు నటించి, తరుముకొని వచ్చే శత్రువు మీదికి వెనుదిరిగి విసరుట వారి యుద్ధవిద్య. బరువైన పెద్ద గుర్రము ఆ మలుపులు తిరగలేదు. అట్టి దండుతో వారు ఐరావతీ తీరాన ఆవా నగరానికి ఎదురుగా ఉన్న సాగయింగు వరకు వెళ్లినారు. ఆ దాడులతో డస్సిన ఆవా రాజవంశము 1752లో కూలిపోయినది.

పగ తీర్చుకొనుటకు బర్మావారికి ఎంతో కాలము పట్టలేదు. 1819 నుండి 1826 వరకు ఏడేండ్ల పాటు వారు మణిపురమును నాశనము చేసినారు. జనాన్ని, గుర్రాలను చెరపట్టి తీసికొనిపోయినారు. చిత్రమేమనగా, బర్మా సైన్యములో పేరుపొందిన ‘కసే’ ఆశ్విక దళము అట్లు చెరపోయిన మణిపురీయులదే.

బ్రతికి బయటపడినవారు కొందరు పడమటి కొండలు దాటి కచారు సీమలో తలదాచుకొన్నారు. వారు వెంట తీసికొనిపోయిన వాటిలో ‘సగోల్ కాంగ్జై’ ఒకటి. సగోల్ అంటే గుర్రము, కాంగ్జై అంటే కర్రతో ఆడే ఆట. 17వ శతాబ్ది మొదటి సగములో ఏలిన ఖాగెంబా కాలానికే అది పెంపొంది ఉన్నది. జట్టుకు ఏడుగురు, వెదురు వేరుతో చేసిన బంతి, గోలు స్తంభాలు లేవు. కచారులో తేయాకు తోటలు వేయవచ్చిన ఇంగ్లీషువారు ఈ ఆట చూచి ముగ్ధులైనారు. 1859లో షెరర్ అనే సైనికాధికారి మొదలైనవారు సిల్చారులో క్లబ్బు స్థాపించినారు. అక్కడి నుండి కలకత్తాకు, 1869లో ఇంగ్లండుకు ఆట చేరినది.

పారసీకుల చౌగాను మన దేశానికి కొత్త కాదు. కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో ఆ ఆటలోనే గుర్రము మీది నుండి పడి మరణించినాడు. అయితే ఇంగ్లీషువాని చేతికి కర్ర అందించినది సుల్తానుల దర్బారు కాదు, ఇల్లూ వాకిలీ పోయిన కాందిశీకులు. ఈ సంగతి పోలో చరిత్రలలో ఒక్క వాక్యముతో దాటిపోవుట మాకు న్యాయముగా తోచదు.

ఆట పెద్దదైన కొద్దీ గుర్రమూ పెద్దదైనది. విదేశాలలో మొదట ఎత్తుకు హద్దు పెట్టినారు, తరువాత ఆ హద్దు పెంచినారు, చివరకు తీసివేసినారు. పొడవు కాళ్ల మేలుజాతి గుర్రాలు మైదానాలను ఆక్రమించినవి. ఆటను లోకానికిచ్చిన తట్టువకు ఆ లోకములో చోటు లేకపోయినది.

సొంత ఊరిలోనూ చోటు తగ్గుచున్నది. పశుగణనలో 2003లో 1,898గా ఉన్న మణిపురి తట్టువల సంఖ్య 2012 నాటికి 1,101, 2019 నాటికి 1,089 అయినది. మణిపుర ప్రభుత్వము వీటి రక్షణకై 2016లో ఒక విధానము ప్రకటించినది. హెయిన్‌గాంగు కొండ మీద 2023లో తట్టువనెక్కిన పోలో ఆటగాని మహావిగ్రహము, 120 అడుగులకు పైబడినది, వెలసినది. ఇంఫాలు నడిబొడ్డున మాపాల్ కాంగ్జైబుంగు అనే పురాతన క్రీడాస్థలములో పోటీలు జరుగుచునే ఉన్నవి. స్త్రీలు కూడ ఈ తట్టువలనెక్కి ఆడుచున్నారు. కాని ఆట ముగిసి, జీను విప్పి విడిచిపెట్టితే అది మేతకు పోవలసిన పాట్‌లలో ఇండ్లు, కచేరీలు లేచినవి. లాంఫెల్‌పాట్ వంటి చిత్తడి నేలలు చాలవరకు కుదించుకొనిపోయినవి. అందుచేత తట్టువలు నగర వీధులలోనికి వచ్చి, మోటారుల నడుమ తిరుగుచు, చెత్తకుప్పలలో గడ్డిపరక కొరకు వెదకుచున్నవి.