లింగం తెలియని కర్త: పల్నాటి ఆధారాలు, ఆంగ్ల సర్వనామం

‘మంత్రి పలికెను’ అన్న వాక్యాన్ని ఆంగ్లంలో చెప్పడం సులభమే. దాని వెంట ‘సభ విడిచి వెడలెను’ అని ఉంటే చిక్కు మొదలవుతుంది. తెలుగులో కర్తను మళ్లీ చెప్పనక్కరలేదు. ఆంగ్లంలో ‘హి’ అనో ‘షి’ అనో అనక తప్పదు. మంత్రి అంటే పురుషుడేనన్న అలవాటు పల్నాటి విషయంలో చెల్లదు. వీరగాథ ప్రకారం గురజాలలో నలగామరాజుకు మంత్రాంగం నడిపినది నాయకురాలు నాగమ్మ. మాచెర్లలో మలిదేవుని పక్షాన నిలిచినవాడు బ్రహ్మనాయుడు. 12వ శతాబ్దిలో జరిగినదిగా చెప్పే కారెంపూడి యుద్ధానికి వీరిద్దరి వైరమే పూర్వరంగం.

ఈ చిక్కుకు మూలం తెలుగు క్రియారూపాలలో ఉంది. ‘పలికెను’, ‘ఇచ్చెను’ వంటి రూపాలు ప్రథమపురుష ఏకవచనంలో స్త్రీ, పురుష, తిర్యగ్జడాలన్నింటికీ సమానమే. వ్యవహారంలోని ‘పలికాడు’, ‘పలికింది’ రూపాలలోనే భేదం కనిపిస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం పురుషవాచకాలను మహత్తులుగా, తక్కినవాటిని అమహత్తులుగా విభజించింది; స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతో, బహువచనంలో మహత్తులతో చేరుతాయి. గౌరవార్థకమైన ‘వారు’ ఒక్కరిని చెప్పినా లింగాన్ని చెప్పదు. ఆత్మార్థకమైన ‘తాను’ కూడా అంతే.

అందువల్ల ఆధారం మారితే అనువాదకుని పని మారుతుంది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర మంజరీద్విపద. అందులోని కావ్యభాషలో క్రియనుబట్టి కర్త లింగాన్ని నిర్ణయించడం తరచు సాధ్యం కాదు. 1982లో జీన్ రోగేర్ వెలువరించిన ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ గాయకుల నోట నిలిచిన కథకు అనువాదం. గాయకుని వాడుకభాషలోని ‘అన్నాడు’, ‘అన్నది’ అన్న భేదం అనువాదకునికి ఆసరా అవుతుంది.

కథలో నాగమ్మ పేరు సందేహం తీరుస్తుంది; ‘నాయకురాలు’ అన్న బిరుదులోనే స్త్రీత్వం ఉంది. దానశాసనాలలో ఆ సౌకర్యం ఎల్లవేళలా దొరకదు. పేరు చివర ‘సాని’ అని ఉంటే దాత స్త్రీ అని తెలుస్తుంది. రాయి పగిలి పేరు పోయి, ‘ఇచ్చెను’ అన్న క్రియ మాత్రం మిగిలితే, దాత ఎవరో భాష చెప్పదు. అక్కడ ‘హి’ అని రాయడం అనువాదం కాదు, ఆధారం లేని చారిత్రక నిర్ణయం. దేవాలయానికి భూమినో దీపాన్నో ఇచ్చిన స్త్రీ ఒకరు ఆ ఒక్క మాటతో చరిత్రలో కనబడకుండా పోవచ్చు.

ఆంగ్లంలోనూ ‘హి’ సహజనియమమేమీ కాదు. లింగం తెలియని ఒక్కరికి ‘దే’ వాడటం 14వ శతాబ్ది నుంచీ ఉంది. 18వ శతాబ్ది వ్యాకర్తలు దానిని దోషమన్నారు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాలలోని పుంలింగపదాలు స్త్రీలకూ వర్తిస్తాయని శాసించింది. భారతదేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 13వ సెక్షన్ ఆ సూత్రాన్నే నిలిపింది. చట్టం అందరికీ వర్తించడానికి ఈ ఏర్పాటు సరిపోయింది. చరిత్రకు సరిపోదు, ఎందుకంటే చట్టం ఎవరైనా కావచ్చునంటుంది, చరిత్ర ఎవరన్నది అడుగుతుంది.

కాబట్టి లింగం తెలిసినచోట ఆధారాన్ని చూపి ‘హి’, ‘షి’ వాడవచ్చు. తెలియనిచోట ‘దాత’, ‘మంత్రి’ అన్న నామాన్నే మళ్లీ చెప్పడమో, ‘దే’ వాడటమో ఉచితం. ‘దే’ వాడినచోట, ఒక్కరిని చెప్పిందో పలువురిని చెప్పిందో వివరణలో తెలపాలి. మూలం మౌనం వహించినచోట అనువాదమూ ఆ మౌనాన్ని పాటించాలి. మంత్రాంగం నడిపిన స్త్రీని కథానడుమ నిలిపిన పల్నాటి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.