ఎస్‌ఎస్‌హెచ్: మనిషి చేతి నుంచి స్క్రిప్టు చేతికి

కర్ణాటక సరిహద్దులోని గట్టు అనే ఊళ్లో కూర్చుని హైదరాబాదు సర్వరును నడపడానికి నెట్ వేగం పెద్దగా అక్కర్లేదు. అటూ ఇటూ నడిచేవి అక్షరాలే. అక్కరైనది భద్రత. అవతల ఉన్నది మన సర్వరేనా, మధ్యలో ఎవరైనా వింటున్నారా అన్నవి తేలాలి. ఆ భరోసా మొదట మనిషికి, ఆ తర్వాత ప్రోగ్రాముకు దక్కింది.

దూరపు యంత్రాన్ని నడపడానికి వాడే 1969 నాటి టెల్నెట్ పాస్‌వర్డును కూడా దాపరికం లేకుండా పంపేది. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్కులో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు కాజేశారు. అక్కడి పరిశోధకుడు తతు యులొనెన్ వెంటనే ఎస్‌ఎస్‌హెచ్ (సెక్యూర్ షెల్) రాసి, ఆ జులైలోనే ఉచితంగా విడుదల చేశాడు. ఎఫ్‌టీపీ 21కి, టెల్నెట్ 23కి నడుమ ఖాళీగా ఉన్న 22వ పోర్టును అడిగి తీసుకున్నాడు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం తెచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని ఊరూరికీ చేర్చింది. 2006లో ఎస్‌ఎస్‌హెచ్ రెండో వెర్షన్ ఆర్‌ఎఫ్‌సీలనే ఇంటర్నెట్ పత్రాలుగా ప్రమాణమైంది.

సర్వర్లు పెరిగేకొద్దీ ఒక్కోదానిలో లాగిన్ అయ్యే ఓపిక ఎవరికుంటుంది? డాన్ లిబ్స్ 1990లోనే రాసిన ఎక్స్‌పెక్ట్ అనే ప్రోగ్రాము అప్పుడు అక్కరకొచ్చింది. తెర మీద పాస్‌వర్డు అడగ్గానే అది మనిషికి బదులు టైపు చేసేది. అడిగే మాట కాస్త మారితే చాలు, స్క్రిప్టు ఆగిపోయేది. పైగా పాస్‌వర్డు ఫైల్లోనే పడి ఉండేది. 2003లో రోబీ పాయింటర్ మొదలుపెట్టిన పారామికో ఈ అవస్థను తప్పించింది. ఎస్‌ఎస్‌హెచ్ ప్రొటోకాలే పైథాన్ లైబ్రరీగా వచ్చేసింది. చాలా సర్వర్లను ఒకేసారి నడపడానికి 2012లో వచ్చిన ఆన్సిబుల్ తొలి రోజుల్లో దాని మీదే నడిచింది.

ఇవాళ పారామికోను పెట్టుకోవడం తేలిక. ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అందులో పిప్‌తో పారామికో. ఆపై ఈడీ25519 తాళంచెవుల జత చేయించి, పబ్లిక్ కీని సర్వరులో పెట్టాలి. ప్రైవేట్ కీ మన యంత్రం దాటకూడదు. తర్వాత స్క్రిప్టులో, తెలిసిన సర్వర్ల కీలు ఉండే నోన్ హోస్ట్స్ ఫైలును లోడ్ చేసి, కనెక్ట్ అయ్యి, కమాండ్ పంపితే ఫలితమూ పొరపాట్లూ వేర్వేరుగా చేతికొస్తాయి.

అసలు మెలిక ఇక్కడే ఉంది. కొత్త సర్వరు ఎదురైతే టెర్మినల్ ఆ సర్వరు కీ వేలిముద్ర (ఫింగర్‌ప్రింట్) చూపించి, నమ్మమంటావా అని మనిషిని అడుగుతుంది. స్క్రిప్టు దగ్గర అడగడానికి మనిషి ఉండడు. అందుకే పారామికో మామూలుగా తెలియని సర్వరును తిరస్కరించి ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ వదిలించుకోవడానికి చాలామంది ఆటోయాడ్ పాలసీ పెట్టేస్తారు. అప్పుడు మొదటిసారి ఎదురైన ఏ సర్వరునైనా అది గుడ్డిగా నమ్ముతుంది. దొంగ సర్వరు దూరడానికి అదే సందు.

వేలిముద్రను సర్వరు యజమాని దగ్గర ముందే సరిచూసి, ఆ సర్వరు కీని నోన్ హోస్ట్స్‌లో చేర్చండి. అయిదు నిమిషాల పని. 1995 నుంచి ఎందరో కూడగట్టిన భద్రత మన స్క్రిప్టుకు దక్కాలంటే ఆ అయిదు నిమిషాలు మనం పెట్టి తీరాలి.