బెల్జియము నీలి పశువుల వంశచరిత్ర

19వ శతాబ్దమున బెల్జియము రైతులు తమ సీమలోని యావులకు ఇంగ్లండునుండి తెచ్చిన షార్ట్‌హార్న్ ఆబోతులను జతచేసి, పాలకును మాంసమునకును ఒక్కతీరున నక్కఱకు వచ్చు పశుసంతతిని వృద్ధిచేసికొనిరి. తెలుపును నీలి బూడిదవన్నెయు కలసిన మేనితో నటుల రూపొందిన జాతియే నేడు బెల్జియన్ బ్లూ అను పేర లోకప్రసిద్ధమై యున్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరము మాంసమునకు గిరాకి హెచ్చగా, తొడలును పిఱుదులును కండలు పొంగి యున్న పశువులనే యేరి పెంచుట ఆచారమయ్యెను. ఆ కండబలమే చూలుటావులకు ప్రసవకష్టమై, కడుపు కోసి దూడను తీయుట యచ్చటి పశువైద్యులకు నిత్యకృత్యమైనది. కండల పెరుగుదలను అదుపున నుంచు మయోస్టాటిన్ జన్యువులో 11 అక్షరములు లోపించుటయే ఈ పుష్టికి మూలమని లియేజ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1997లో వెల్లడించిరి.

కంటికి నచ్చిన గుణమును బట్టి వంశమును దిద్దుకొను రైతు, తా నెంచిన దానితో గూడ తా నెఱుగని దానిని సైతము ఇంటికి దెచ్చుకొనుచుండును. కృత్రిమ గర్భధారణము వ్యాపించిన పిదప మేలైన యొక్క ఆబోతునకే వేలకొలది దూడలు కలుగజొచ్చెను; దాని పుష్టితోపాటు దానియందు దాగిన లోపమును ఊరూర వ్యాపించి, ఒకే పూర్వికుని సంతతి రెండువైపులనుండి వచ్చి మరల కలసినచోట బయటపడెను.

అట్టి లోపములలో నొకటి చర్మమునకు సంబంధించినది. దాని వాతబడిన దూడకు కాళ్లమీదను నోటను పైచర్మ మూడి పచ్చిపుండ్లు పడును. అది యెక్కువ నాళ్లు బ్రదుకజాలదు. పైచర్మమును లోచర్మమునకు అంటించి యుంచు పలుచని పొరయందు లామినిన్ అను ప్రోటీను కలదు. ఎలుక కణితినుండి దానిని వేఱుచేసి, రూపర్ట్ టింపుల్, జార్జి మార్టిన్ మున్నగువారు 1979లో లోకమునకు తెలిపిరి. ఆల్ఫా, బీటా, గామా అను మూడు పోగులు పెనవేసికొన్న త్రాడువంటి దది. బెల్జియము నీలి దూడలలో ఆల్ఫా పోగును నిర్మించు జన్యువునందు, పని ముగియకమునుపే ఆపుమను సంకేత మొకటి చొరబడినదని 2015లో ప్రకటితమైన పరిశోధన తేల్చెను. ఈ లోపము ఒక్క వైపునుండి సంక్రమించిన పశువు ఆరోగ్యముగా మేయుచుండును. తల్లిదండ్రు లిరువురును దానిని మోయుచున్నచో, పుట్టు దూడలలో నాలుగింట నొకటి బలియగుట సంభావ్యము.

ఇన్నాళ్లును దూడ చచ్చినగాని ఆబోతు దోషము రైతునకు తెలియకుండెను. నేడు కొలది రక్తమును పరీక్షించినచో, దానిని మందకు విడువకమున్నే యా సంగతి తెలియుచున్నది.