గ్యాప్ జంక్షన్: పేరులో సందు, పనిలో సంధి

రెండు కణాలను కలిపే నిర్మాణానికి ‘గ్యాప్’ అన్న పేరేమిటని అనిపించవచ్చు. 1967లో శాస్త్రవేత్తలు రెవెల్, కార్నోవ్‌స్కీ ఎలుక గుండె, కాలేయాల్లో లాంథనం పట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, అతుక్కున్నాయనుకున్న కణపొరల మధ్య 2-3 నానోమీటర్ల సందు కనబడింది. కాబట్టి పేరు తప్పు కాదు, సగం నిజం. మిగతా సగం కనెక్సిన్ ప్రోటీన్లది. ఆరు కలిసి అర గొట్టం. అవతలి కణంలోని అరతో కలిస్తే పూర్తి దారి. అయాన్లు, చిన్న అణువులు దాటుతాయి, ప్రోటీన్లు దాటవు.

దారి ఎప్పుడూ తెరిచి ఉండటమే ఆరోగ్యమా? కాదు. గాయపడ్డ కణంలోకి కాల్షియం పొంగితే దారి మూసుకుని పొరుగు కణాన్ని కాపాడుతుంది. చిక్కల్లా మూయరాని చోట మూతపడితేనే. గుండెపోటు మచ్చ అంచున కనెక్సిన్ 43 చెదిరితే లయ తప్పవచ్చు. లోపలి చెవిలో పనిచేసే కనెక్సిన్ 26 జన్యువు రెండు ప్రతులూ చెడితే పుట్టుచెవుడు; భారతీయుల్లో డబ్ల్యూ24ఎక్స్ అనే మార్పు ఎక్కువ. తప్పంతా మేనరికానిదే అనడం తేలిక. కానీ చుట్టరికం లేని దంపతులిద్దరూ ఒక్కో చెడిన ప్రతిని మోసే వాహకులు కావచ్చు. మేనరికం ఆ అవకాశాన్ని పెంచుతుంది, అంతే. బిడ్డ ఎక్కడ పుట్టినా, తొలి నెలలోనే వినికిడి పరీక్ష చేయించండి.