వంశావళి పుస్తకంలో పేరు వెదికినవారు



ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయాన్ని ధ్యానానికి తీసుకునేవారు తక్కువ. అన్నీ పేర్లు, అంకెలు. బబులోను చెర నుండి తిరిగి వచ్చినవారి లెక్క అది. ఆ పట్టిక చివర ఒక బాధాకరమైన సంగతి ఉంది. యాజకుల సంతానమని చెప్పుకొన్న కొన్ని కుటుంబాలవారు వంశావళిలో తమ పేర్లు వెదికారు, అవి దొరకలేదు. అందుచేత వారిని యాజకత్వం నుండి తప్పించారు. వారిలో ఒక కుటుంబం సంగతి మన పల్లెవాళ్ళకు తేలికగా అర్థమవుతుంది. వారి పూర్వికుడు బర్జిల్లయి కుమార్తెల్లో ఒకతెను పెండ్లాడి, మామగారి పేరుతోనే పిలువబడ్డాడు. ఇల్లరికం అల్లుడన్నమాట!

ఈమధ్య మన పిల్లలు ఫోన్ చేసి, “అయ్యగారూ, మా ముత్తాత ఎవరు? ఏ ఊరినుండి వచ్చాడు?” అని అడుగుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే రెండు తరాలు చెప్పి ఆగిపోతారు. “మా తాత పేరు పైడయ్య బాబూ, ఊరు గుర్తు నేదు” అంటుంది ముసలమ్మ. జమీందారులకు వంశ చరిత్రలున్నాయి, కరణాలకు లెక్కలున్నాయి. భూమి లేనివాడి పేరు ఎవరు రాశారు, ఎందుకు రాశారు? ఈ ప్రశ్న పట్టుకొని మేము కొంత చదివాము.

ఇంగ్లండులో ఒక కూలివాడి మనుమలు ఈనాడు మూడువందల ఏళ్ళ వెనక్కి వెళ్ళగలుగుతున్నారు. అక్కడ ప్రతి చర్చి పరిధిని పేరిష్ అంటారు. బాప్తిస్మాలు, పెండ్లిండ్లు, సమాధులు పుస్తకంలో రాయాలని 1538లో రాజాజ్ఞ వచ్చింది. తరువాత 1601 చట్టం పేదల పోషణ భారాన్ని ఆ పేరిష్ మీదే పెట్టింది. ఊళ్ళో ఇళ్ళు, భూములు ఉన్నవారి దగ్గర పన్ను వసూలు చేసి వృద్ధులకు, విధవరాండ్రకు, అనాథలకు ఇవ్వాలి. డబ్బు మాట వచ్చేసరికి, “ఇతడు మా ఊరివాడేనా?” అనే తగవూ వచ్చింది. 1662 చట్టం ప్రకారం, కొత్తగా వచ్చినవాడు రేపు భారమవుతాడనిపిస్తే నలభై రోజుల్లోగా ఇద్దరు మేజిస్ట్రేట్ల ఆజ్ఞతో అతణ్ణి సొంత పేరిష్‌కు పంపేయవచ్చు.

పంపేముందు అతణ్ణి నిలబెట్టి ప్రమాణం చేయించి అడిగేవారు. ఎక్కడ పుట్టావు, తండ్రి ఎవరు, ఏ యజమాని దగ్గర ఎంతకాలం పనిచేశావు, ఎవరిని పెండ్లాడావు, పిల్లలెందరు? మన ప్రాంతంలో కంబారిగా కుదిరినట్టే, అక్కడ పెళ్ళికానివాడు ఏడాదికి ఒకే రైతు దగ్గర కుదిరి, ఆ ఏడాది పూర్తిచేస్తే ఆ ఊరి హక్కు దక్కేది. కాబట్టి ఆ ఏడాది గురించి గుచ్చి గుచ్చి అడిగేవారు. చదువురాని కూలివాడి బ్రతుకంతా ఒక్క కాగితం మీదికి వచ్చేది. కింద అతడు పెట్టిన అడ్డుగీత గుర్తు. అతని మీద ప్రేమ కొద్దీ రాసింది కాదది, అతనికి రొట్టె పెట్టే ఖర్చు తప్పించుకోవాలని రాసింది. అయినా వాళ్ళ మనుమలకు ఈనాడు తాత జాడ చూపుతున్నది ఆ పిసినారి కాగితమే.

1783లో పుస్తకంలో రాసే ప్రతి పేరుకూ మూడు పెన్నీల పన్ను వేశారు. బీదలకు మినహాయింపు ఉండేది. కొన్ని పుస్తకాల్లో పేరు పక్కన బీదవాడని సూచించే ‘పి’ అక్షరం కనబడుతుంది. పదకొండేళ్ళకు ఆ పన్ను తీసేశారు.

మన బాప్టిస్టు సంఘాలవారు ఎరిగిన విలియం కేరీగారి తండ్రి అటువంటి ఒక పేరిష్‌లోనే, పాలర్స్‌పరీ అనే ఊళ్ళో, గుమాస్తాగాను బడిపంతులుగాను పనిచేశాడు. కేరీగారికి శిశువుగా ఉన్నప్పుడు పేరిష్ చర్చిలో బాప్తిస్మమిచ్చారు. ఆయన విశ్వసించి నదిలో బాప్తిస్మం పొందింది 1783లో. ఆ రెండోది పేరిష్ పుస్తకానికి ఎక్కదు, ఎందుకంటే అది ప్రభుత్వ సంఘం వెలుపల జరిగింది. పుస్తకం ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి మరి.

ఇక మన సంగతి. అరసవల్లి పక్కనున్న శ్రీకాకుళాన్ని దొరలు చికాకోల్ అన్నారు. 1936లో ఒరిస్సా ఏర్పడేవరకు ఇది గంజాం జిల్లాలో ఉండేది. తరువాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. కాబట్టి ముత్తాతల కాగితాలు వెదికేవారు ‘శ్రీకాకుళం’ అని వెదికితే ఏమీ దొరకదు. గంజాం కింద, చికాకోల్ కింద చూడాలి.

ఇక్కడికి సువార్త తెచ్చినవారిలో కెనడా బాప్టిస్టులు ముఖ్యులు. బాప్టిస్టు పుస్తకంలో శిశువుల పేర్లుండవు, విశ్వసించినవారి పేర్లే ఉంటాయి. అందుచేత పుట్టిన తేదీ దొరకదు. ‘వయస్సు సుమారు 30’ అన్నట్టు రాస్తారు. పైగా పేరు మారిపోతుంది. నిన్నటి అప్పలస్వామి ఇవాళ అబ్రాహాము, నిన్నటి పైడమ్మ ఇవాళ మార్త. పాత పేరు కూడా పక్కన రాసిన పాస్టరుగారు ఎవరైనా ఉంటే ఆయన మనకు గొప్ప మేలు చేసినట్టే. ఎందుకంటే ఆ పాత పేర్లే ఊరి జాడ చెబుతాయి. అప్పలస్వామి, అప్పలనర్సమ్మ, సింహాచలం అంటే సింహాచలం కొండ చుట్టుపక్కలవారు. పైడయ్య, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి జాడ. సూరమ్మ, సూర్యనారాయణ అంటే మన అరసవల్లి పక్కే. మన తాతలు ఆ దేవుళ్ళను విడిచిపెట్టారు. అయితే వారి పేర్లలోనే ఊరి దారి మిగిలింది. ఆ పేర్లు చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన పని లేదని మా అభిప్రాయం. అబ్రాహాము కూడా మొదట అబ్రామే, ఊరు కల్దీయుల ఊరు.

మరి ఇంగ్లండులో వలె పేదల సహాయపు కాగితాలు మనకు ఉన్నాయా? 1866లో గంజాంలో ఘోరమైన కరువు వచ్చింది. 1876లో మద్రాసు రాష్ట్రంలో ధాత కరువు మొదలైంది. 1877లో రిచర్డ్ టెంపుల్ దొర సహాయపు పనుల్లో మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలని నిర్ణయించాడు. ఆ నివేదికల్లో మనకు కనబడేవి అంకెలు: ఇన్ని వేలమంది పనిమీద ఉన్నారు, ఇన్ని వేలమందికి గంజి పోశారు. తలలు లెక్కపెట్టారు గాని, ఆ తల ఎవరిదో వాటిలో లేదు.

పేరు రాసింది ఓడ ఎక్కించేటప్పుడు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. 1911 వరకు నాటాల్ చెరకు తోటలకు వెళ్ళినవారు మొత్తం 1,52,184 మంది. విశాఖపట్నం, గంజాం జిల్లాలవారు వారిలో చాలామంది. ప్రతి ఒక్కరికి నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, చివరికి ఒంటిమీద మచ్చ కూడా రాశారు. పారిపోతే పట్టుకోవడానికి పనికివస్తుంది కదా! ఇదీ ప్రేమతో రాసింది కాదు. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. అందుచేత తాత సొంత పేరే మనుమలకు ఇంటిపేరైపోయింది. డర్బనులో ఈనాటికీ ‘అప్పలసామి’ ఇంటిపేరుగా గలవారున్నారు. ఆ మాట వింటే మన జిల్లావాడికి ప్రాణం లేచివస్తుంది. 1903లో నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్యగారు తెలుగు బాప్టిస్టుల తరఫున మిషనరీగా అక్కడికి వెళ్ళి, కియర్స్‌నీలో సంఘం కట్టారు. తెలుగువారే తెలుగువారిని వెదుక్కుంటూ వెళ్ళడం మాకు చాలా ఇష్టమైన కథ.

‘రంగం’ వెళ్ళినవారి సంగతి వేరు. కళింగపట్నంలోను బారువలోను స్టీమరెక్కి రంగూను వెళ్ళినవారికి నాటాల్‌లో వలె ఒప్పంద కాగితం లేదు. మేస్త్రీ చెప్పాడు, వెళ్ళారు. చికాకోలులో పనిచేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు 1880ల్లో బర్మా వెళ్ళి, మౌల్మేన్‌లో మనవారి మధ్యే సేవ చేశారు. 1942లో జపానువారు వచ్చినప్పుడు ఎందరో అడవుల గుండా నడిచి తిరిగివచ్చారు, ఎందరో దారిలోనే పోయారు. ఆ తాతల గురించి ఇంట్లో చెప్పుకొనే మాటే కాగితం.

ఇప్పుడు చెప్పక తప్పని మాట. సంఘపు పుస్తకంలో పేరు రాయబోతే, “వద్దు అయ్యగారూ” అనేవారున్నారు. ఎందుకో మనందరికీ తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఆ కులాలనుండి క్రైస్తవులైనవారిని బీసీ-సిలో పెట్టారు. దానితో ఒకే మనిషికి రెండు పేర్లు: బడి సర్టిఫికెట్‌లో ఒకటి, ప్రార్థనలో మరొకటి. ఇంగ్లండు కూలివాడికి పుస్తకంలో పేరుంటే రొట్టె దొరికేది. మన కూలివాడి బిడ్డకు పుస్తకంలో పేరుంటే సీటు పోతుందేమోనన్న భయం. మతం మారినంతమాత్రాన ఊరి బావి దగ్గర ఎవరి కులమూ మారలేదు. ఈ చట్టం న్యాయం కాదని మేము అనుకుంటాము. అలాగని అబద్ధం రాయమని ఎవరికీ చెప్పలేము. భయపడేవారిని నిందించలేము కూడా. ఫలితం మాత్రం కళ్ళముందే ఉంది. ఇంకో యాభై ఏళ్ళకు ఈ కుటుంబాల పిల్లలు ఎజ్రా కాలపువారివలె పుస్తకంలో వెదుకుతారు, దొరకదు.

అందుచేత సంఘపెద్దలతో మాట్లాడి ఒక పని మొదలుపెట్టాము. ఇది ఏ కార్యాలయానికీ పంపే పుస్తకం కాదు. ఎవరి ఇంటి కాగితం వారి ఇంట్లోనే ఉంటుంది. మీరు రాసుకోండి, చేతకాకపోతే మేము రాసిపెడతాము. తాత ముత్తాతల పాత పేరు, కొత్త పేరు, ఇంటిపేరు, ఊరు. అమ్మమ్మలు, నాయనమ్మల పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా అడగండి, పెళ్ళితో అది మాయమైపోతుంది. మత్తయి యేసుక్రీస్తు వంశావళిలో తామారును, రాహాబును, రూతును రాయడం మరువలేదు. ఇంట్లో పాత బైబిలు ఉంటే మొదటి ఖాళీ పేజీ చూడండి, పుట్టినరోజులు అక్కడే రాసి ఉండవచ్చు. సమాధుల తోటలో చెరిగిపోతున్న రాళ్ళమీద పేర్లను యౌవనస్థులు ఫోనులో ఫోటో తీస్తున్నారు. ఎనభై దాటిన అమ్మల దగ్గరకు ముందుగా వెళ్దాము. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత మందిరం అరుగు మీద కూర్చుంటాము. కాగితాలున్నవారు తీసుకురండి, లేనివారు మీ పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని రండి.